సువర్ణరేఖ ఎరుపు ముదురుకు గుర్తు కాదు
మామిడి సారం, ధర రెండూ కాయ వయసు మీదే

బొబ్బిలి: ఉత్తరాంధ్ర మామిడి బేరాలలో ఏటా మొదటి పదిహేను రోజులు ఒకటే పోటీ. ముందు లోడు పంపినవారిది ముందు ధర. సువర్ణరేఖ బుగ్గ ఎర్రబడితే చాలు, చిక్కం చెట్టెక్కుతున్నది. ఆ కాయ ఢిల్లీ చేరి, మాగి, కత్తికి వచ్చిన తరువాతగాని అసలు సంగతి బయటపడదు. పైన పసుపు, ఎరుపు. లోపల పాలిపోయిన కండ, పులుపు నీళ్లు. మలి లోడుకు ధర తగ్గితే రాకలు పెరిగినందువల్లనే తగ్గిందని వర్తకులు అనుకోవడం పరిపాటి. అది నిజమే కాని, సగం నిజం. తొలి లోడు తిని మొహం తిప్పుకున్న కొనుగోలుదారు కూడా ఆ తగ్గుదలలో ఉన్నాడు.

తెలుగులో ముదరడం వేరు, పండడం వేరు. ఈ రెండు మాటల తేడా మామిడి వ్యాపారానికి మూలసూత్రం వంటిది. ముదరడం చెట్టు మీద తప్ప మరెక్కడా జరగదు. పండడం చెట్టు మీద జరగవచ్చు, గడ్డిలో జరగవచ్చు, రైలు పెట్టెలో జరగవచ్చు, మాగవేసే గదిలో జరగవచ్చు. ముదరక ముందే కోసిన కాయను ఏ గదిలో ఉంచినా మెత్తబడుతుందే తప్ప ముదరదు.

కాయలోని నిల్వ సరుకు

పిందె కట్టిన నాటి నుంచి కాయ కోతకు రావడానికి రకాన్ని బట్టి సుమారు 90 నుంచి 120 రోజులు పడుతుంది. మొదటి వారాలలో కాయ పరిమాణం పెరుగుతుంది. తరువాత టెంక గట్టిపడుతుంది. ఆపైన ఆకులు తయారుచేసిన చక్కెర తొడిమ గుండా కాయలోకి దిగి, పిండిపదార్థంగా మారి కండలో నిల్వ పడుతుంది. చివరి రెండు మూడు వారాలలో కాయ పైకి పెద్దగా పెరిగినట్టు కనిపించదు. "ఇంక పెరిగేది లేదు, కోసెయ్యండి" అని గుత్తేదారు తొందరపడేది సరిగ్గా ఇక్కడే. అయితే లోపల సరుకు దిగేది కూడా అప్పుడే.

దుకాణం లెక్కతో చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. తొడిమ తెగిన క్షణం నుంచి కాయకు కొత్త దిగుమతి లేదు. ఆనాటి నిల్వే దాని ఆస్తి. పండేటప్పుడు జరిగేదంతా ఆ నిల్వను మార్చుకోవడమే. కాయ తనంతట తాను ఎథిలీన్ అనే వాయువును విడుదల చేసుకుంటుంది. దాని ప్రేరణతో పిండిపదార్థం చక్కెర అవుతుంది, పులుపు తగ్గుతుంది, కండ మెత్తబడుతుంది, వాసన పుడుతుంది. నిల్వ నిండుగా ఉన్న కాయ తీపి పండు అవుతుంది. సగం నిల్వతో కోసిన కాయ సగం తీపితో ఆగిపోతుంది. ఊపిరికి ఖర్చు మాత్రం రెండింటికీ ఉన్నది. నిల్వ తక్కువైన కాయ ఆ ఖర్చులోనే వాడి ముడుచుకుంటుంది.

బొబ్బిలి, సీతానగరం చక్కెర మిల్లులకు చెరకు తోలిన కుటుంబాలకు ఇది కొత్త పాఠం కాదు. గడ ఎత్తు చూసి ఎవరూ కోత పెట్టలేదు. రసం చుక్కను బ్రిక్సు మీటరు అద్దం మీద వేసి, అంకె చూసి కోశారు. ఆ మీటరే మామిడికీ పనికివస్తుంది. పండే చక్కెర రకాలలో కోతనాటి అంకె సుమారు 8 ఉండి, బాగా ముదిరి పండిన తరువాత 16 దాటి 20 వరకు పోతుంది. చిత్తూరు ప్రాంతపు గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి గుజ్జుకు కనీసం 14 బ్రిక్సు ఉండాలని చూసేది కూడా ఈ లెక్కతోనే. అక్కడ ఎరుపు చూసి ఎవరూ డబ్బివ్వరు.

విజయనగరం జిల్లాలోనే లక్కవరపుకోట మండలం భీమాలి తాండ్రకు పేరుపడింది. రసం ఎండి తాండ్ర కావడమంటే నీరు పోయి సారం మిగలడం. ఘనపదార్థం నూటికి 18 పాళ్లు ఉన్న రసం 100 కిలోలను, 80 పాళ్ల సారం ఉండే తాండ్రగా ఎండబెడితే లెక్క ప్రకారం 22 కిలోల పైచిలుకు రావాలి. 12 పాళ్లే ఉన్న రసం నుంచి వచ్చేది 15 కిలోలు. ఎండ అదే, కూలి అదే, చాప అదే. మిగిలిన ఏడు కిలోలను పంచదారతోనో బెల్లంతోనో పూడ్చుకోవలసివస్తుంది. పూడ్చిన తాండ్రను నాలుక కనిపెడుతుంది.

ఆరోగ్యానికి మేలుచేసే సారం

తీపి సంగతి అందరికీ తెలిసినదే. ఈ మధ్య కొనుగోలుదారులు అడుగుతున్నది ఇంకొకటి ఉన్నది. పండులో "బలం" ఎంత? మామిడి పసుపుదనానికి కారణం కెరోటిన్ అనే రంగు పదార్థం. మన శరీరం దానిని విటమిన్ ఏ గా మార్చుకుంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పాత ఆహార విలువల పట్టికలలో 100 గ్రాముల పచ్చి మామిడికాయకు కెరోటిన్ 90 మైక్రోగ్రాములని, మామిడి పండుకు 2,743 అని చూపారు. రకాన్ని బట్టి, తోటను బట్టి ఈ అంకెలు మారుతాయి. కాని కాయకు, పండుకు మధ్య ఉన్న దూరం ముప్పై రెట్ల లెక్కలో ఉన్నదని మాత్రం దీనివల్ల తెలుస్తున్నది.

పిల్లలలో విటమిన్ ఏ లోపం వల్ల వచ్చే చూపు జబ్బులను అరికట్టడానికి దేశంలో 1970లో ప్రత్యేక పథకమే మొదలుపెట్టవలసి వచ్చింది. ఎండాకాలం ఆకుకూరలు కరువయ్యే రోజులలో, పేద ఇంటికి కూడా చేరే కెరోటిన్ మామిడి పండే. అందువల్ల పాలిపోయిన కండ గల పండును అమ్మడమంటే రుచి ఒక్కటే తగ్గించి అమ్మినట్టు కాదు.

ఈ పసుపు టెంక దగ్గర మొదలవుతుంది. చెట్టు మీద ఉండగానే, తోలు ఇంకా పచ్చగా ఉండగానే, టెంకను ఆనుకున్న కండ లేత పసుపు తిరుగుతుంది. అక్కడి నుంచి బయటికి పాకుతుంది. ఆ పాకడం మొదలుకాని కాయను కోసి మాగవేస్తే తోలు రంగు మారుతుంది, కండ మాత్రం వెలవెలబోయినట్టే ఉంటుంది.

ముదిరేకొద్దీ అన్నీ పెరుగుతాయని అనుకుంటే అదీ పొరపాటే. విటమిన్ సి లేత కాయలో ఎక్కువ. ముదిరి పండేకొద్దీ తగ్గుతూ పోతుంది. పులుపూ అంతే, వగరూ అంతే. వగరుకు కారణమైన పదార్థాలలో శరీరానికి మేలుచేసేవి కొన్ని ఉన్నాయని శాస్త్రజ్ఞులు అంటున్నారు. అవి కాయలోనే ఎక్కువ, పండులో తక్కువ. జామ్ గట్టిపడడానికి కావలసిన పెక్టిన్ కూడా పచ్చికాయలోనే దండిగా ఉంటుంది. కనుక లేతదనం దానంతట అది దోషం కాదు. ఆవకాయ వేసే ఇల్లాలు టెంక కట్టిన పుల్లకాయనే అడుగుతుంది. పసుపు తిరిగిన కాయ జాడీలో మెత్తబడి ఆమె చేత మాట పడవలసివస్తుంది. లేతకాయను లేతకాయగా అమ్మితే అందులో మోసం లేదు. దానికి పండు వేషం వేసినప్పుడే చిక్కు.

ఒక్కొక్క పంటకు ఒక్కొక్క లెక్క. నగరాల మార్కెట్లకు వస్తున్న బ్రోకలీ అనే పచ్చ గోబీ సంగతి మామిడికి పూర్తిగా ఎదురు. దానిలో మేలుచేసే పదార్థం గ్లూకోరాఫనిన్. నమిలినప్పుడు అది సల్ఫోరాఫేన్‌గా మారుతుంది. అమెరికాలో బాల్టిమోర్ నగరపు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 1997లో తెలిపిన ప్రకారం, మూడు రోజుల వయసు బ్రోకలీ మొలకలలో ఈ పదార్థం ముదిరిన పువ్వులో కంటె బరువుకు బరువు 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉన్నది. అక్కడ పసి మొలక ధనవంతుడు. మామిడిలో పిందె బీదవాడు. బ్రోకలీ బేరగానికి పనికివచ్చే తొందర మామిడి బేరగానికి నష్టం.

ఎరుపు చేసే మోసం

ఉత్తరాది మండీలలో సుందరి అనే పేరు కూడా పొందిన సువర్ణరేఖకు ఆ ఎర్రని బుగ్గే ఆస్తి. అదే దాని శత్రువు కూడా. ఈ ఎరుపు కెరోటిన్ కాదు. ఎండ తగిలిన తోలులో పుట్టే వేరే రంగు. చెట్టు పైకొమ్మన, ఎండ ముఖంగా ఉన్న కాయకు లేతగా ఉండగానే వస్తుంది. అదే చెట్టున ఆకుల నీడలో ఉన్న కాయ పూర్తిగా ముదిరినా పచ్చగానే ఉండవచ్చు. ఎరుపు చూసి కోసే కూలి లేతకాయను కోసి ముదురు కాయను వదిలే ప్రమాదం ఉన్నది. బంగినపల్లికి ఈ బాధ లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ రకానికి బుగ్గ ఎరుపు లేదు గనుక, కోసేవాడు వేరే గుర్తులు చూడక తప్పదు. పేరులోనే పీచు చెప్పుకునే బొబ్బిలి పీచుకు అసలు రంగుతో బేరమే లేదు. దానిని రసం కోసం కొంటారు.

మరి ఏ గుర్తులు చూడాలి? ముచ్చిక దగ్గర చూడాలి. లేతకాయకు ముచ్చిక నుంచి భుజాలు జారుడుగా ఉంటాయి. ముదిరేకొద్దీ భుజాలు పైకి లేచి, తొడిమ గుంటలో కూర్చున్నట్టు కనబడుతుంది. చెక్కిళ్లు నిండుతాయి. తోలు మీది చుక్కలు విడివిడిగా స్పష్టమవుతాయి. సన్నని బూడిద వంటి పొడి పడుతుంది. చెట్టున ఒకటి రెండు కాయలు తమంత తామే పండి రాలితే ఆ చెట్టు కోతకు దగ్గరపడినట్టు. కాని ఈ చివరి గుర్తును నమ్మి చెట్టంతా ఊడ్చకూడదు. మామిడి పూత ఒకేసారి రాదు. రెండు మూడు విడతలుగా వస్తుంది. ఒకే కొమ్మన నెల తేడా గల కాయలు ఉండవచ్చు. ఎంచి కోయడానికి కూలి ఎక్కువ అవుతుందని గుత్తేదారు చెట్టును ఒకే రోజు ఖాళీ చేయిస్తున్నాడు. లోడులో సగం తేడాలు ఇక్కడే పుడుతున్నాయి.

నీళ్ల పరీక్షకు ఖర్చే లేదు. తొట్టెలో నీళ్లు పోసి కాయలు వేయాలి. తేలేవి లేతవి. మునిగేవి ముదిరినవి. పిండిపదార్థం నిండిన కాయ నీటికంటె బరువు. ఇంకొంచెం పట్టింపుగా చూడాలనుకుంటే 100 లీటర్ల నీటికి రెండున్నర కిలోల ఉప్పు కలిపిన తొట్టె ఇంకొకటి పెట్టుకోవచ్చు. మంచినీటిలో మునిగి ఉప్పునీటిలో తేలేవి దూరప్రయాణానికి తగిన కాయలు. రెండింటిలోనూ మునిగేవి దగ్గర మార్కెట్లకు పంపవలసినవి. ఇక అనుమానం తీరకపోతే లాటుకు నాలుగైదు కాయలు అడ్డంగా కోసి టెంక చుట్టూ రంగు చూడడమే. నాలుగు కాయలు పోయినా లోడు సంగతి తెలుస్తుంది. గొల్లపల్లిలో వీణ చేసేవారు పనస దుంగను చూడకుండా, తట్టకుండా పనికి పెట్టుకోరు. మామిడి వర్తకులు లక్షల లోడును కంటిచూపుతో కొంటున్నారు.

గ్యాసు చేయగలిగినది

లేతకాయ వ్యాపారం ఇంతకాలం సాగడానికి కారణం కార్బైడు. తేమ తగిలితే అది ఎసిటిలీన్ వాయువును ఇస్తుంది. తోలులోని పచ్చదనం పోయి పసుపు కనబడుతుంది. కండ కొంత మెత్తబడుతుంది. కెరోటిన్‌ను మాత్రం బయటినుంచి ఏ గ్యాసూ పోయలేదు. పైగా బజారు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్లు ఉంటాయి. పండ్లను దీనితో మాగవేయడాన్ని 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలలోని 44-ఏఏ నిషేధించింది. 2011 ఆహార భద్రత నిబంధనలు ఆ నిషేధాన్ని కొనసాగించాయి. 2016లో ఎథిలీన్ వాయువుకు అనుమతి వచ్చింది. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లకు మించకూడదన్నది నియమం.

ఎథిలీన్ కాయ తాను స్వయంగా తయారుచేసుకునే వాయువే. ముదిరిన కాయకు అది మేలుకొలుపు. కాయలన్నీ ఒకేసారి పండడానికి, లోడు ఒక రంగున రావడానికి ఉపకరిస్తుంది. లేతకాయకు కూడా రంగు తెస్తుంది, అందుకే జాగ్రత్త అవసరం. ఎథిలీన్ గదిలో మాగవేసిన సరుకని చీటీ చూపితే చట్టం తృప్తిపడుతుంది. తినేవాడికి ఆ చీటీ సరిపోదు. చల్లని గిడ్డంగిలో పెట్టి గట్టెక్కుదామన్నా లేతకాయ సహకరించదు. 12, 13 డిగ్రీల కంటె చలి ఎక్కువైతే మామిడి తోలు మచ్చలు పడుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది లేతకాయకే.

తొందర ఖరీదు

తొందరకు కారణాలు లేకపోలేదు. తోటను పూత మీదనే గుత్తకు తీసుకుని, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడికి ప్రతి రోజూ వడ్డీ. వేసవి గాలివాన ఒక్క సాయంత్రం వీస్తే సగం కాయ నేలపాలు. చెట్టున ఉన్న కాయకు పూచీ ఎవరూ ఇవ్వరు, లోడయిన కాయకు చెక్కు వస్తుంది. ఇది వర్తకుని పక్షాన న్యాయమైన వాదమే. దీనికి జవాబు నీతిలో లేదు, లెక్కలో ఉన్నది.

ఊహకు కొన్ని అంకెలు వేసి చూడవచ్చు. తోట వద్ద ధర, కూలి, పెట్టెలు, రవాణా కలిపి కిలో 42 రూపాయలు పడిందనుకుంటే 10 టన్నుల లోడు ఖరీదు 4,20,000 రూపాయలు. లేతకాయ ఎక్కువై, నూటికి 18 వంతులు ముడుచుకుని తీసివేతకు పోతే చేతికి మిగిలేది 8,200 కిలోలు. కిలో 51 రూపాయల 22 పైసలు పడినట్టు. ఎంచి కోసిన లోడులో నూటికి 6 వంతులే పోతే మిగిలేది 9,400 కిలోలు. కిలో 44 రూపాయల 68 పైసలు. తేడా ఆరున్నర రూపాయలు. తొలి వారపు ధర మలి వారం కంటె అంతకు మించి ఎక్కువగా ఉంటేనే తొందర గిట్టుతుంది. ఎంచి కోయడానికయ్యే అదనపు కూలిని కూడా ఈ ఆరున్నరలో నుంచే తీయాలి. అయినా చాలా లోడులలో మిగులుతుంది. చెట్టు మీద మరో పది రోజులుంటే పెరిగే బరువును ఈ లెక్కలో చేర్చనేలేదు.

ఇంత ఆలోచించినా, ఒక్క తోటవాడు ఆగి పక్కతోటవాడు కోస్తే ఆగినవాడికి మిగిలేది ఏమిటన్న ప్రశ్న ఉండనే ఉన్నది. ముందు లోడు పేరు చెడగొట్టిన మార్కెట్లో తరువాతి లోడు కూడా అదే పేరుతో దిగుతుంది. 2021లో విజయనగరం నుంచి ఢిల్లీ ఆదర్శనగర్‌కు కిసాన్ రైలులో మామిడి వెళ్లినప్పుడు, అటువైపు పెట్టెల మీద చదివినది తోట పేరు కాదు, ఊరి పేరు. కొనేవాడు గుర్తుపెట్టుకునేది కూడా అదే.

అందువల్ల లాట్లు విడదీయడం మేలు. తేలిన కాయను తేలిన కాయగానే పచ్చడికి, ఒరుగులకు, ఆమ్‌చూర్‌కు పుల్లకాయ ధరకు అమ్మవచ్చు. విటమిన్ సి, పెక్టిన్, పులుపు కావలసినవారికి అదే సరుకు. గాలికి రాలిన దెబ్బకాయకు కూడా గిరాకీ అక్కడే ఉన్నది. మునిగిన కాయను రెండు అంగుళాల తొడిమతో కోసి, సొన తోలు మీద కారకుండా ముచ్చిక కిందికి ఉండేటట్టు తలకిందులుగా ఆరబెట్టి, సొన పూర్తిగా కారిన తరువాత పెట్టెలలో సర్దాలి. సొన కాలిన మచ్చ పడితే ముదిరిన కాయకు కూడా లేతకాయ ధరే వస్తుంది. పెట్టె మీద కోత తేదీ, తొట్టె పరీక్ష జరిగినదీ లేనిదీ రాసిపెట్టడానికి ఒక సుద్దముక్క చాలు. మాగవేసే గదిలో ఎథిలీన్ పెట్టేవారు 20 నుంచి 22 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచి, తలుపులు తీసి గాలి ఆడనివ్వాలి. తేలిన కాయ, మునిగిన కాయ ఒకే గదిలో కలిపితే ఒకటి ముడుచుకునేనాటికి రెండవది పండుతుంది, రెండింటినీ ఏరడానికి మళ్లీ కూలి.